ఉప్పునీరు మొలకలను ఎలా దెబ్బతీస్తుంది? మీరే పరీక్షించి చూడండి ఇలా

ఉప్పు మొక్కను రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. ఉప్పునీరు వేరును తాకిన నిమిషాల్లోనే మొదటి దెబ్బ పడుతుంది. వేరు చుట్టూ లవణం ఎక్కువైతే నీటిని లోపలికి లాక్కోవడం కష్టమవుతుంది, చుట్టూ నీళ్లున్నా మొక్కకు అందవు. రెండోది నిదానంగా రోజులు, వారాల మీద వస్తుంది. ఆకుల్లో సోడియం, క్లోరైడ్ పేరుకుపోయి కణాలు చచ్చిపోతాయి. ఈ రెండింటినీ విడివిడిగా చూడటానికే ఈ పరీక్ష. మొలకెత్తిన గింజలను లెక్కపెట్టి ఆగిపోతే పొరబడతారు. వరినే చూడండి: మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే తట్టుకుంటుంది, లేత నారు దశకు వచ్చేసరికి సున్నితమైపోతుంది.

గింజలు, ఉప్పునీళ్లు

పెసలు ఉప్పుకు త్వరగా లొంగిపోతాయి, బార్లీ గట్టిగా నిలుస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

అయోడిన్ కలపని శుద్ధమైన ఉప్పు తీసుకోండి. లీటరు ద్రావణంలో 2.9 గ్రాములుంటే 50 మిల్లీమోలార్ (ద్రావణం ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలమానం), 5.8 గ్రాములుంటే 100, 11.7 గ్రాములుంటే 200. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, ఈ మోతాదులన్నీ అంతకంటే తక్కువే. ఉప్పు కలపని నీళ్లతో ఒక జట్టు తప్పనిసరిగా ఉండాలి, అది లేకుండా దేనితోనూ పోల్చలేం.

మొలకెత్తించడం

మూతగిన్నెల్లో వడపోత కాగితం పరిచి, ఒక్కో మోతాదుకు మూడేసి గిన్నెలు, గిన్నెకు 20 గింజల చొప్పున పెట్టండి. అన్నిట్లో ద్రావణం ఒకే కొలతలో పోయండి. తడి తగ్గితే మళ్లీ ఉప్పునీరు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మొదటి రోజు గిన్నె బరువు రాసుకుని, తగ్గినంత మేరకు మామూలు నీళ్లు పోస్తే మోతాదు మారదు. రోజూ ఒకే వేళకు చూసి, రెండు మిల్లీమీటర్లు దాటి వేరు వచ్చిన గింజలనే మొలిచినట్టు లెక్కించండి.

నారుకు ఉప్పు పెట్టడం

కడిగిన ఇసుకలో, పోషక ద్రావణంతో నారు పెంచండి. అందులో కాల్షియం ఉండాలి. అది కొరవడితే సోడియం చేసే హాని ఇంకా పెరుగుతుంది. రెండో ఆకు విప్పుకున్నాక రోజుకు 50 మిల్లీమోలార్ చొప్పున ఉప్పు పెంచుకుంటూ వెళ్లండి. ఒక్కసారిగా 200లో ముంచితే మీరు చూసేది ఆ క్షణపు అదురునే. పోసిన ప్రతిసారీ కుండీ అడుగు నుంచి కొంత కారేలా పోయండి, లేకపోతే ఇసుకలో ఉప్పు పేరుకుంటుంది.

ఏ రోజు ఏం చూడాలి

మొదటి రోజుల్లో స్కేలు చాలు. కొత్త ఆకు ఎంత పొడవు సాగిందో రోజూ కొలవండి. సాగుదల ఒక్కసారిగా మందగిస్తుంది, పత్రరంధ్రాలు కుంచించుకుంటాయి. అప్పటికి ఆకులో పెద్దగా సోడియం చేరి ఉండదు. ఇది నీరందకపోవడం వల్ల తగిలిన దెబ్బ.

ఆ తర్వాత చూడాల్సింది ముదురు ఆకులను. కొనలు ఎండటం అక్కడే మొదలవుతుంది. వేరు నుంచి పైకెక్కిన నీరు ఆకులోంచి ఆవిరైపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు ఆకులోనే మిగులుతుంది. ముదురు ఆకు ఆ పని ఎక్కువ రోజులుగా చేస్తోంది, పైగా దానికి ఇక ఎదుగుదల లేదు. లేత ఆకు పెరుగుతూ ఉంటుంది కాబట్టి లోపలికొచ్చిన ఉప్పు పలచబడుతుంది. కణంలో పొటాషియం ఉండాల్సిన చోట సోడియం చేరితే ఎంజైములు సరిగా పనిచేయవు. తట్టుకునే మొక్కలు సోడియాన్ని వేరు దగ్గరే బయటికి నెట్టేస్తాయి, లోపలికొచ్చినదాన్ని కణరిక్తికలో (కణం లోపలి ద్రవపు సంచిలో) బంధిస్తాయి. ముదురు ఆకులు రాలే వేగాన్ని కొత్త ఆకులు అందుకోలేకపోతే మొక్క నిలవదు. అందుకే ఎన్ని ఆకులు పచ్చగా ఉన్నాయో కూడా రాసుకోండి.

చివర్లో వేరు, కాండం పొడవులు, పచ్చి బరువు తీసుకుని, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టి పొడి బరువు చూడండి.

మొలవని గింజలను పారేయకండి

200 మిల్లీమోలార్‌లో మొలవని గింజలను బాగా కడిగి మామూలు నీటిలో పెట్టండి. మొలిస్తే వాటిని అడ్డుకున్నది నీటి కొరతే. అదే రకం గింజలు మామూలు నీటి జట్టులో బాగా మొలిచి, ఇవి మాత్రం మెత్తబడి కుళ్లిపోతుంటే ఉప్పు వాటి లోపలికి చేరి పాడుచేసిందని అనుమానించవచ్చు.