టైరు ఒక పక్కే అరుగుతోందా? కారు ఒకవైపు తిరగనంటోందా? ఇంటి దగ్గరే ఇలా చూసుకోండి

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు ఎడమకి ఒక్క తిప్పుతో తిరిగేది. కుడికి మాత్రం రెండుసార్లు రివర్స్ కొట్టాల్సి వచ్చేది. చాన్నాళ్లు అడ్డంగా ఉన్న స్తంభాన్నే తిట్టుకున్నాను. తీరా చూస్తే లోపం కారు కిందే ఉంది. అంతకుముందు గుంతలో పడి అలైన్‌మెంట్ (చక్రాలు ఉండాల్సిన కోణాలు) దెబ్బతింటే, ఒక షాపులో ఒకవైపు టై రాడ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) మాత్రమే తిప్పి, దాంతో వంకరగా వచ్చిన స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి నేరుగా బిగించేశారు. కారు తిన్నగానే పోయేది. కానీ లోపలి ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి టై రాడ్లని నెట్టే పళ్ల కడ్డీ, మధ్యలోంచి ఒక పక్కకి జరిగిపోయింది కాబట్టి కుడికి తిరిగేందుకు దానికి చోటు తగ్గింది.

మలుపులో ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగవు. లోపలి చక్రం చిన్న గుండ్రం చుట్టాలి, బయటిది పెద్ద గుండ్రం. మారుతి స్విఫ్ట్‌నే తీసుకుందాం. వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,450 మి.మీ., కంపెనీ చెప్పే టర్నింగ్ రేడియస్ (కారు తిరగగలిగే అతిచిన్న గుండ్రంలో సగం కొలత) 4.8 మీటర్లు. ఆ లెక్కన బయటి చక్రం దాదాపు 31 డిగ్రీలు తిరిగితే, ఏదీ ఈడ్చుకుపోకుండా ఉండాలంటే లోపలి చక్రం 43 డిగ్రీల దాకా తిరగాలి. ఈ ఆలోచన గుర్రపు బగ్గీల నాటిది. 1817లో మ్యూనిక్‌లో బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్ కనిపెడితే, మరుసటి ఏడాది లండన్‌లో ఆయన తరఫున ఆకర్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు. పేరు మాత్రం ఆకర్‌మన్‌దే నిలిచిపోయింది. ఆయన అసలు వృత్తి బొమ్మలు, పుస్తకాలు అచ్చేసి అమ్మడం!

నిజం కార్లలో ఈ లెక్క అచ్చంగా కుదరదు. సెల్లార్ నున్నటి నేల మీద పూర్తిగా తిప్పినప్పుడు టైర్లు కీచుమనేది అందుకే. ఆ కీచుకి భయపడక్కర్లేదు.

ముందు గాలి, తర్వాత అరచెయ్యి

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. టైరు నడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ అరిగితే తక్కువైనట్టు. ఇది తేల్చుకోకుండా అలైన్‌మెంట్‌కి పరిగెత్తొద్దు.

ఇప్పుడు స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి, ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి కిందికి దిగండి. నిలబడి చూస్తే టైరు లోపలి అంచు కనపడదు. చాలామంది మోసపోయేది అక్కడే. బయట గాడులు నిగనిగలాడుతుంటాయి, లోపల బోడిగుండు. గాడుల అడుగున 1.6 మి.మీ. ఎత్తున చిన్న గట్లుంటాయి. రబ్బరు వాటి మట్టానికి వచ్చేస్తే ఇక ఆ టైరు మార్చాల్సిందే.

తర్వాత అరచెయ్యిని టైరు మీద బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి నిమరండి. ఇనుప తీగలేమైనా బయటపడ్డాయేమో ముందే చూసుకోండి. ఒకవైపుకి నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే రంపంలా తగిలితే అది టో లోపం, అంటే చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేవు. లోపలికి వెళ్లేటప్పుడు నున్నగా ఉండి, బయటికి వచ్చేటప్పుడు గుచ్చుకుంటే చక్రాల ముందు భాగాలు దగ్గరగా ఉన్నాయని అర్థం. అటుదిటైతే అవి ఎడంగా ఉన్నట్టు. రంపం తగలకుండా ఒక అంచు మాత్రం నున్నగా అరిగిందంటే క్యాంబర్‌ని అనుమానించాలి. చక్రం నిటారుగా కాక ఒక పక్కకి వాలి ఉంటుంది.

టేపుతో టో కొలవడం

దీనికి ఇద్దరు మనుషులు, చదునైన నేల కావాలి. స్టీరింగ్ నేరుగా పెట్టి, కారుని న్యూట్రల్‌లో నాలుగడుగులు ముందుకి తోయండి. ముందు టైర్ల వెనుక వైపు, నేల నుంచి ఒకే ఎత్తులో, నడి గాడి మీద సుద్దతో గుర్తులు పెట్టి మధ్య దూరం కొలవండి. ఆ గుర్తులు పైనుంచి తిరిగి ముందు వైపు అదే ఎత్తుకి వచ్చేదాకా కారుని ముందుకే తోసి మళ్లీ కొలవండి. పొరపాటున దాటిపోతే వెనక్కి తోయొద్దు, మొదటి నుంచి మొదలుపెట్టండి. వెనక్కి తోస్తే బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) అటు సాగి కొలత మారిపోతుంది.

చిన్న కార్లలో చాలావాటికి ఈ రెండు కొలతల తేడా సున్నాకి అటూ ఇటూ ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. మీ కారుది మాన్యువల్‌లో చూడండి. 6 మి.మీ. వచ్చిందనుకుందాం, అంటే ఒక్కో చక్రానికి 3. టైరు వ్యాసం 620 మి.మీ. ఐతే, ప్రతి కిలోమీటరుకీ ఒక్కో టైరు దాదాపు 5 మీటర్లు పక్కకి రుద్దుకుంటోందన్నమాట. టైరు రంపంలా తయారవదా మరి!

ఇక గుండ్రం

ఖాళీ మట్టి గ్రౌండ్ వెతుక్కోండి. స్టీరింగ్ ఎడమకి పూర్తిగా తిప్పి, నడక వేగంతో ఒక చుట్టు వేయండి. బయటి టైరు గీసిన గుండ్రాన్ని అడ్డంగా కొలిచి సగం చేయండి. కుడికీ అలాగే. కంపెనీ అంకెతో కాస్త తేడా వచ్చినా ఫర్వాలేదు, ఎడమ కుడి మధ్య తేడా చూడండి. మాకు దాదాపు అర మీటరు వచ్చింది. మెల్లగా కదులుతూ స్టీరింగ్ చుట్లు కూడా లెక్కపెట్టొచ్చు. నేరుగా ఉన్న చోటు నుంచి ఎడమకెన్ని చుట్లో కుడికీ అన్నే రావాలి. లావు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్ వీల్స్ వేయించినవాళ్లు అవి లోపల ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో కూడా చూసుకోవాలి.

షాపులో ఏం అడగాలి

మెషీన్ ఎక్కించకముందే చక్రాన్ని పట్టి ఉంచే కీళ్లు, అంటే బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి) బుష్‌లు ఊగుతున్నాయేమో చూడమనండి. అవి వదులుగా ఉంటే ఎంత మంచి అలైన్‌మెంట్ చేసినా వారం నిలవదు. ర్యాక్‌ని మధ్యకి తెచ్చి, స్టీరింగ్ కదలకుండా క్లాంప్ పెట్టి, రెండు టై రాడ్లూ సరిచేయమనండి. “స్టీరింగ్ ఊడదీసి నేరుగా పెట్టేస్తాను సార్” అంటే వద్దని చెప్పండి. చేసే ముందు, చేశాక వచ్చిన అంకెలు రెండూ ప్రింట్ తీసుకోండి. చిన్న కార్లలో చాలావాటికి క్యాంబర్ సర్దడానికి మరలుండవు. ప్రింట్‌లో ఆ అంకె ఎర్రగా, అంటే హద్దు దాటినట్టు కనిపిస్తే స్ట్రట్టో (చక్రం పైనుండే షాక్ అబ్జార్బర్ కడ్డీ) ఆర్మో వంగి ఉండొచ్చు, దాన్ని మార్చాల్సిందే.

పని సరిగ్గా జరిగినా రంపం ఒక్కరోజులో పోదు. అరిగిన గాడులు మళ్లీ నున్నబడడానికి సమయం పడుతుంది, అప్పటిదాకా టైర్ల హోరు వినిపిస్తూనే ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి నిమిరి చూడండి.