అదే బేరింగ్ మళ్ళీ మళ్ళీ పోతోందా? కొత్తది ఎక్కించే ముందు ఇవి చూడండి

గుంటూరు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో (పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లులు) మెయింటెనెన్స్ చూసేవాళ్ళకి ఇది తెలిసిన బాధే. పత్తి సీజన్ మంచి ఊపులో ఉంటది, గేటు దగ్గర లారీలు ఆగి ఉంటయ్, సరిగ్గా అప్పుడే మోటర్ పుల్లీ సైడు (బెల్టు చక్రం ఉన్న వైపు) బేరింగ్ అరవడం మొదలెడుద్ది, ఓనర్ గారు వచ్చి ఇంకా ఎంతసేపయ్యా అంటారు, మనం గబగబా పాతది పీకేసి కొత్తది కొట్టేసి స్టార్ట్ చేస్తాం, నెల తిరక్కుండా మళ్ళీ అదే మోటరు, అదే బేరింగు. సరిగ్గా కూర్చున్న మంచి బేరింగ్ ఏళ్ళ తరబడి తిరగాలి. నెలకే పోయిందంటే దాన్ని ఏదో తినేస్తోంది, అదేంటో చూడకుండా మార్చుకుంటూ పోతే బేరింగుల షాపుకి తప్ప ఎవరికీ లాభం లేదు.

సేఫ్టీ సంగతి చివర్లో రాస్తే ఎవరూ చదవరు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కటే చాలదు. ఫీజులు పీకి మీ జేబులో వేసుకోండి, ప్యానెల్‌కి తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి, ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు, ఎవరిది వాళ్ళే తీయాలి. "పని జరుగుతోంది" అని బోర్డు తగిలించాక స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి, తిరగకపోతే మీటరుతో మోటర్ టెర్మినల్స్ దగ్గర మూడు ఫేజుల్లోనూ కరెంట్ లేదని చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. "పర్లేదన్నా, నేను స్విచ్ దగ్గరే నిలబడతా" అనే కుర్రాణ్ణి నమ్ముకోవద్దు, వాడు మంచోడే, కానీ ఎవరో టీకి పిలిస్తే వెళ్తాడు. తిరిగే మిషన్ దగ్గర పని ట్రైనింగ్ ఉన్నవాళ్ళే, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలతోనే చేయాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీస్ యాక్ట్ 22వ సెక్షన్‌లోనే రాశారు, మన దగ్గర మాత్రం మెడలో తువ్వాలుతో బెల్టు మీదకి వంగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు.

ఇక అసలు సంగతి. పీకిన పాత బేరింగ్‌ని తుక్కులో పారెయ్యొద్దు. బయటి రేస్‌ని (బాల్స్ తిరిగే రింగుని) గ్రైండర్‌తో కోసి విప్పి కిరసనాయిలుతో కడిగి వెలుతుర్లో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటది. రేసు నీలంగానో గోధుమ రంగులోనో మారిందా, గ్రీజు లేక వేడెక్కింది. బాల్స్ ఎంతెంత దూరంలో ఉంటాయో సరిగ్గా అంతే దూరంలో చిన్న చిన్న గుంటలు పడ్డాయా, ఎక్కించేటప్పుడు ఎవరో తప్పు రింగు మీద సుత్తితో కొట్టారు. బాల్ నడిచిన దారి బయటి రేసు మీద ఒకచోట ఒక అంచుకి, ఎదురుగా రెండో అంచుకి వెళ్ళిందా, అలైన్‌మెంట్ తప్పింది. లోపలి రింగు రంధ్రం అద్దంలా మెరుస్తోందా, షాఫ్ట్ అరిగిపోయి రింగు దాని మీద జారి తిరుగుతోంది. వీఎఫ్‌డీ (మోటర్ స్పీడు మార్చే డ్రైవ్) మీద నడిచే మోటర్ అయితే రేసు మీద రుబ్బురోలు గంట్లలాగా వరసగా అడ్డగీతలు కనిపించొచ్చు, అది బేరింగ్ గుండా కరెంట్ పోయిన గుర్తు, దానికి ఎంత మంచి కంపెనీ బేరింగ్ వేసినా ఇంతే, షాఫ్ట్ ఎర్తింగో ఇన్సులేటెడ్ బేరింగో చూసుకోవాలి.

షాఫ్ట్ అరిగినప్పుడు సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి కొత్త బేరింగ్ బిగించే అలవాటు ఒకటుంది. రాత్రి గడవడానికి పనికొస్తదేమో గానీ ఆ చుక్కలు నాలుగు రోజులకే అణిగిపోతయ్, మళ్ళీ లూజు. విజయవాడ ఆటోనగర్‌లో అయినా మీ ఊళ్ళో లేతు దగ్గరైనా మెటల్ నింపించి సైజుకి తిప్పించుకోండి, ఖర్చు ఒక్కసారే. కొత్త బేరింగ్ కొనేటప్పుడు నంబరు మొత్తం చూసుకోండి. 6309 అంటే చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే 45, అంటే 45 మిల్లీమీటర్ల షాఫ్ట్. వెనకాల సీ3 అని ఉంటే సీ3యే తెచ్చుకోండి, లోపల బాల్స్‌కీ రేసులకీ మధ్య ఖాళీ మామూలు కన్నా కాస్త ఎక్కువని దానర్థం, వేడెక్కే మోటర్‌కి అది కావాలి, మామూలుది వేస్తే బిగుసుకుపోద్ది. డబ్బా చూసి మోసపోవద్దు, డూప్లికేట్లు చాలానే తిరుగుతున్నాయి, బిల్లిచ్చే ఆథరైజ్డ్ డీలర్ దగ్గరే కొనండి.

ఎక్కించేటప్పుడు ఇండక్షన్ హీటర్‌తో 110 డిగ్రీల దాకా వేడి చేస్తే చేత్తో జారిపోద్ది (గ్లవుజులు మర్చిపోవద్దు), 120 దాటనివ్వొద్దు, గ్యాస్ మంట అసలు పెట్టొద్దు. హీటర్ లేకపోతే పైపు ముక్క లోపలి రింగుకి ఆనించి కొట్టండి, బయటి రింగు మీద దెబ్బ పడితే ఆ బేరింగ్ అక్కడితోనే అయిపోయినట్టు. గ్రీజు దట్టించి కూరితే మంచిదనుకుంటారు గానీ ఖాళీలో మూడో వంతు చాలు, ఎక్కువైతే అది నలిగి నలిగి వేడి పుట్టిస్తది. లిథియం గ్రీజు ఉన్నదాంట్లో పాలీయూరియా గ్రీజు కలపొద్దు, రెండూ పడక నీళ్ళలా కారిపోవచ్చు.

పుల్లీ సైడే పోతుంటే నా అనుమానం ముందు బెల్టు మీదికే పోద్ది. బెల్టు జారుతోందని బిగిస్తారు, ఇంకా జారితే ఇంకా బిగిస్తారు, ఆ లాగుడంతా బేరింగ్ మోస్తది. పుల్లీల మధ్య మీటరు దూరం ఉంటే బెల్టు మధ్యలో గట్టిగా నొక్కితే ఓ 16 మిల్లీమీటర్లు దిగాలి. నాలుగు బెల్టుల్లో ఒకటి తెగితే ఒక్కటే మార్చొద్దు, సెట్ మొత్తం మార్చండి, లేకపోతే కొత్తదే లోడంతా మోసి అదీ తెగుద్ది. రెండు పుల్లీల ముఖాల మీదుగా ఒక దారం లాగి పట్టండి, నాలుగు చోట్లా తగిలితే అలైన్‌మెంట్ బాగున్నట్టు.

మోటర్ కూడా వేడెక్కుతుంటే ఫ్యాన్ కవర్ విప్పండి, దూది పేరుకుని గాలి ఆడట్లేదేమో, ఎండాకాలం మన దగ్గర ఎండకి అది ఇంకా ప్రమాదం. తర్వాత వోల్టేజ్. మూడు ఫేజుల మధ్య 420, 410, 400 వచ్చాయనుకోండి, సగటు 410, తేడా 10, అంటే దాదాపు రెండున్నర శాతం. 1 శాతం దాటితే లోడ్ తగ్గించాలి, 5 దాటితే నడపనే కూడదు.

ఓనర్ గారితో మాట్లాడేటప్పుడు "టైం పడుద్ది సార్" అంటే వినరు, ఈ బేరింగ్ ఈ సీజన్‌లో ఎన్నిసార్లు పోయింది, ఎన్ని గంటలు మిల్లు ఆగింది, ఆ గంటల్లో ఎన్ని బేళ్ళు పోయాయి అని రాసి చూపించండి, లెక్క చూస్తే ఆయనే ఆగుతారు. అందుకే షిఫ్ట్ రిజిస్టర్‌లో "మోటర్ రిపేర్ చేయబడినది" అని గీకి వదిలెయ్యొద్దు. ఏ మోటర్, ఏ సైడు, ఏ నంబరు బేరింగ్, పాతదాని మీద ఏం గుర్తులు కనిపించాయి, స్టార్ట్ చేశాక మూడు ఫేజుల్లో ఎన్నెన్ని ఆంప్స్ వచ్చాయి అన్నీ రాయాలి. టెంపరరీగా ఏదైనా కట్టి నడిపిస్తుంటే అది ఎర్ర ఇంకుతో రాయండి, రాత్రి షిఫ్ట్‌లో వచ్చినోడికి తెలియాలి.

సీజన్ అయిపోయి మిల్లు మూతపడ్డాక కూడా మోటర్లని అలా వదిలెయ్యకుండా వారానికోసారి షాఫ్ట్ చేత్తో నాలుగు చుట్లు తిప్పండి, కదలకుండా ఉంటే బాల్స్ ఒకేచోట ఆని తుప్పు పట్టుద్ది. దసరాకి ముందు స్టార్ట్ చేసేటప్పుడు 500 వోల్టుల మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడండి, 415 వోల్టుల మోటర్‌కి 5 మెగాఓమ్స్ కన్నా తక్కువ చూపిస్తే వానాకాలం తేమ పట్టిందని అర్థం, బల్బులో హీటరో పెట్టి ఆరబెట్టి మళ్ళీ మెగ్గర్ చూశాకే కరెంట్ ఇవ్వండి.