పొగమంచులో చెట్లు: తడి ఎప్పుడు ఎంతుండాలి?

డిసెంబరులో మంచు పట్టిన పొద్దున హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కుకి వెళ్తే, దగ్గరి చెట్టు బెరడు గీతలతో సహా కనిపిస్తుంది. దాని వెనకది ముద్దగా ఉంటుంది, ఆ వెనకది ఉందో లేదో అన్నట్టుంటుంది. వాటర్ కలర్లో లోతంటే ఈ మూడు వరుసలే. మంచు కోసం తెల్లరంగు పూస్తే మాత్రం సున్నం కొట్టినట్టవుతుంది. మంచుకి కాగితం తెలుపే చాలు.

కాగితం దగ్గర పిసినారితనం వద్దు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్డ్ (పైన కాస్త గరుకుగా ఉండేది) తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీటు తడి నిలుపుకోదు, ఉబ్బుతుంది. 11×15 అంగుళాల ముక్క చాలు. నాలుగంచులా మాస్కింగ్ టేపుతో అట్టకి అంటించి, పైవైపు కింద ఒక పుస్తకం పెట్టి కాస్త వాలుగా ఉంచండి. రంగులు రెండే: అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు. ట్యూబులోని పచ్చరంగు జోలికి వెళ్లకండి, ఆ వెలుగులో ఆకు పచ్చగా కనిపించదు.

అంగుళం ఫ్లాట్ బ్రష్‌తో నీళ్లు పూసి, రెండు నిమిషాలాగి మళ్లీ పూయండి. టీ అంత పల్చగా కలిపిన రంగుతో ఆకాశం వేసి, కాగితాన్ని పక్కనుంచి వంగి చూడండి. నీళ్లు నిలిచి తళతళలాడుతుంటే ఆగాలి. నిలిచిన నీళ్లు ఇంకి సన్నటి మెరుపు మాత్రం మిగిలాక, నీలం ఎక్కువ కలిపి పాలంత చిక్కదనంతో దూరపు చెట్లు పెట్టండి. పెట్టేముందు కుంచెని గుడ్డకి ఒకసారి అద్దాలి. కాగితం తడిగా ఉన్నంతసేపూ దానికన్నా కుంచె పొడిగా ఉండాలి.

మెరుపు పోయే ముందు, ఇంకాస్త చిక్కగా రెండో వరుస. ఇక్కడే చాలామందికి కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక పడుతుంది. సగం ఆరిన కాగితం మీద నీళ్లెక్కువైన కుంచె తగిలితే, ఆ నీరు రంగుని అంచులకి నెట్టేస్తుంది. వెంటనే దిద్దబోతే మరక ఇంకా పాకుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, తడి కుంచెతో రుద్ది టిష్యూతో అద్దండి.

దగ్గరి చెట్టు కాగితం పూర్తిగా ఆరాకే. చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడుందన్నట్టే. ఈసారి సియెన్నా ఎక్కువ, చిక్కదనం మీగడంత. ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు మరీ ముదురనిపించాలి. కాండాన్ని నేలదాకా గీయొద్దు. అంగుళం పైనే ఆపి, కుంచె కడిగి, గుడ్డకి అద్ది, ఆ తడి కొనతో రంగు అంచుని కిందికి లాగండి. రెండు మూడు లాగుళ్లలో రంగు కరిగి కాగితంలో కలిసిపోతుంది, చెట్టు మంచులోంచి లేచినట్టుంటుంది. ఇది రంగు ఆరకముందే జరగాలి, అందుకే ఒక్కో కాండమే పూర్తి చేసుకోండి. రెమ్మలకి రిగ్గర్ బ్రష్ (పొడవాటి సన్నటి వెంట్రుకలున్న కుంచె) వాడుతూ, కాండం నుంచి బయటికి ఒత్తిడి తగ్గించుకుంటూ గీయాలి.

హైదరాబాద్ మే నెల ఎండకి ఇవన్నీ పరుగు మీద చేయాల్సొస్తుంది. ఫ్యాన్ ఆపండి, టేపు వేసేముందు కాగితం వెనకవైపు కూడా తడపండి. వానాకాలంలో దీనికి రివర్సు, అసలు ఆరదు. అలాగని మెరుపుండగానే హెయిర్ డ్రయ్యర్ పెడితే గాలికి రంగు కొట్టుకుపోతుంది.