ఆడుతూ ఆడుతూనే పాత్ర వివరాలు తేల్చుకోవడం ఎలా?

మొదటిసారి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌కి (నలుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట) వెళ్లినప్పుడు నా పాత్ర గతాన్ని నాలుగు పేజీలు రాసుకెళ్లాను. ఊరు ఎలా తగలబడింది, కత్తి ఎవరిచ్చారు, అన్నీ. మూడు సెషన్లు గడిచినా అందులో ఒక్క ముక్క బయటికి రాలేదు. పక్కనున్నతను పేరు, వృత్తి మాత్రమే రాసుకొచ్చాడు. రెండో సెషన్‌లో పడవ ఎక్కాల్సి వస్తే, "నేనెక్కను. మా తమ్ముడు నీళ్లలోనే పోయాడు" అన్నాడు. అప్పటికప్పుడు తట్టిన మాట అది. ఆ తర్వాత కథలో చెరువో ఏరో వచ్చిందంటే చాలు, అందరం అతని వైపే చూసేవాళ్లం.

పాత్ర వివరాల షీట్ మీద రాసుకున్నది మీకు మాత్రమే తెలుసు. నలుగురూ విన్నదే ఆటలో నిజం. అందుకే వివరాలను కొంచెం దాచి పెట్టుకుని, ఆట మధ్యలో బయటపెట్టడం నేర్చుకోవాలి.

ముందు ఖాళీలు వదలండి

పేరు, చేసే పని, ఇప్పుడు కావాల్సింది ఒకటి. మొదలుపెట్టడానికి ఇంతే చాలు. 2013లో వచ్చిన ఫేట్ కోర్ అనే ఆట నియమాల్లోనే కొన్ని గుణాలను ఖాళీగా ఉంచి ఆటలో నింపుకునే వీలుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 2014 ఎడిషన్‌లో పాత్రకు ఆదర్శం, బంధం, లోపం లాంటివి రాసుకోవాలి. అక్కడ కూడా ఒకటి రాసి, మిగతావి రెండు మూడు సెషన్ల తర్వాత రాస్తానని, కథను నడిపించే గేమ్ మాస్టర్‌ని అడిగి చూడండి. కాదనేవాళ్లు తక్కువ. (దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా ఉంది. 1977 నాటి ట్రావెలర్ అనే ఆటలో పాత్ర గతాన్ని చాలావరకు పాచికలే తేలుస్తాయి. ఆట మొదలుకాకముందే పాత్ర చచ్చిపోవచ్చు కూడా!)

సందు ఎక్కడ దొరుకుతుందో చూడండి

మీ పాత్ర తటపటాయించినప్పుడు, ఎవరైనా "నీకిది ఎలా తెలుసు?" అని అడిగినప్పుడు మంచి అవకాశం. అన్నిటికంటే మంచిది పాచిక తిరగబడినప్పుడు. పని అయ్యిందో లేదో తేల్చే 20 ముఖాల పాచిక మీద 3 పడింది, కాపలావాడిని బెదిరించలేకపోయారు. "తడబడ్డాను" అని వదిలేయకండి. "వాడి గొంతు అచ్చం మా పాత కెప్టెన్ గొంతులా ఉంది. నోరు పెగల్లేదు" అనండి. ఓడిపోయిన పాచికే మీకో గతాన్ని ఇచ్చింది. గెలిచినప్పుడు ఎవరూ కారణం అడగరు, ఓడినప్పుడే చెవులు రిక్కిస్తారు.

ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి, వెంటనే ఏదో ఒకటి చేయండి

కత్తులు దూసుకున్న వేళ చిన్ననాటి కథ మొదలుపెడితే మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. "ఈ తాళాలు మా నాన్నే చేసేవాడు" అని, తాళం ముందు కూర్చోండి. మిగతాది ఎవరైనా అడిగితే చెప్పొచ్చు. అడగకపోతే ఇంకా మంచిది, దాచుకోవడానికి ఒకటి మిగిలింది.

గేమ్ మాస్టర్ చేతికి ఏదైనా అందించండి

"నాకెవరూ లేరు, ఎవర్నీ నమ్మను" అనే పాత్రలు నాకు విసుగు. అలాంటివాడితో గేమ్ మాస్టర్ ఏం చేయాలి? "నేను డబ్బు ఎగ్గొట్టిన మనిషి ఈ ఊళ్లోనే ఉంది" అనండి. రెండో సెషన్‌కల్లా ఆవిడ తలుపు తడుతుంది. చెప్పబోయే వివరంలో ఒక మనిషో, ఒక అప్పో, ఒక భయమో ఉందా అని చూసుకోండి.

వివరాన్ని దొంగదారిగా వాడకండి

ఇరుక్కున్న ప్రతిసారీ "నేను చిన్నప్పుడే ఇది నేర్చుకున్నా" అంటే మోసమే. బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే ఆట దీనికి చక్కటి లెక్క పెట్టింది. గతంలోకి వెళ్లి ముందే చేసి ఉంచిన ఏర్పాటును చూపించొచ్చు. మామూలు ఏర్పాటైతే ఉచితం, కష్టమైనదైతే స్ట్రెస్ (పాత్ర మీద పడే ఒత్తిడి) పాయింట్లు చెల్లించాలి. అప్పటికే టేబుల్ మీద జరిగిపోయినదాన్ని మాత్రం మార్చలేరు. మీ ఆటలో ఇలాంటి నియమం లేకపోయినా, ఉపయోగపడే ప్రతి వివరానికీ ఒక చిక్కు మీరే జోడించండి. తాళాలు తీయడం వచ్చు, కానీ నేర్పినవాడు మీ కోసం ఇంకా వెతుకుతున్నాడు.

పక్కవాళ్ల పాత్రల జోలికి వెళ్లేముందు అడగండి

"మనిద్దరం ఒకే జైల్లో ఉన్నాం కదా?" అని అడగడం బాగుంటుంది. అడగకుండా తేల్చేయడం బాగోదు. మీరు వేసిన ప్రశ్నకు ఎదుటివాళ్లు చెప్పే జవాబు తరచుగా మీరు అనుకున్నదానికంటే బాగుంటుంది. హింస, బాధ లాంటి విషయాలైతే ముందే మాట్లాడుకోవాలి. కొంతమంది ఎక్స్ గుర్తున్న కార్డు టేబుల్ మీద పెడతారు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ విషయాన్ని అక్కడితో తీసేస్తారు, కారణం అడగరు.

సెషన్ చివర రాసుకోండి

ఐదు నిమిషాలు చాలు. రాసుకోకపోతే తమ్ముడు కాస్తా అన్నయ్య అయిపోతాడు. అయినా కంగారు పడనక్కర్లేదు. మా పడవ ఎక్కనివాడికి ఏడో సెషన్‌లో ఇలాంటిదే జరిగింది. తనకు తమ్ముడే లేడన్నాడు. "తమ్ముడు నీళ్లలో పోయాడన్నావు కదా?" అని ఎవరో పట్టుకున్నారు. అతను కాసేపు ఆగి, "పడవ ఎక్కకుండా ఉండటానికి అప్పుడు అబద్ధం చెప్పాను" అన్నాడు. మరి అసలు కారణమేంటని మేమింకా అడుగుతూనే ఉన్నాం.