కంప్యూటర్ మీకు తెలియకుండా ఫోన్లు చేస్తోందా?

లక్షణం: ల్యాండ్‌లైన్ బిల్లులో ఎవరూ చెయ్యని ఐఎస్‌డీ (విదేశీ) కాల్స్

శ్రీకాకుళంలో ఇలాంటి బిల్లు పట్టుకొచ్చే పెద్దవాళ్లు ముందు అనే మాట "మేమేటీ నొక్కనేదు బాబూ" అని. నమ్మాల్సిన మాటే. డయల్ చేసింది మనిషి కాకపోవచ్చు.

ముందు కంప్యూటర్ వెనక చూడండి. లావు క్లిప్పున్న ల్యాన్ వైరు ఒక్కటే ఉన్నా, వైఫై వాడుతున్నా కంప్యూటర్‌కి ఫోన్ లైను మీద కాల్ చెయ్యడం కుదరదు. అప్పుడు తప్పు వేరేచోట వెతకాలి. సన్నటి టెలిఫోన్ పిన్ను, ఫోన్ లైను మీద నెట్ కలిపే పాత మోడెమ్‌లో గుచ్చి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. డయలప్ (ఫోన్ నంబరు డయల్ చేసి నెట్ కలుపుకోవడం) మానేసినా ఫ్యాక్స్ కోసమని ఆ వైరు అలాగే వదిలేసేవాళ్లున్నారు.

కారణం: డయలర్ అనే దొంగ ప్రోగ్రామ్. "ఫ్రీగా చూడాలంటే ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటూ దిగుతుంది. ఉన్న కనెక్షన్ కట్ చేసి, డయల్ చేసేటప్పుడు వచ్చే మోడెమ్ కూత వినపడకుండా నొక్కేసి, ఖరీదైన విదేశీ నంబరుకి కలుపుతుంది. ఆ కాల్ డబ్బులో దొంగలకి వాటా ఉంటుంది. 1997లో అమెరికాలో కేసు దాకా వెళ్లిన ఒక డయలర్ ఇలాగే మాల్డోవా నంబరుకి కలిపేది. చూస్తున్న సైటు మూసేసినా లైను కట్ అయ్యేది కాదు, బిల్లు పెరుగుతూనే ఉండేది.

పరిష్కారం: యాంటీవైరస్ సంగతి తర్వాత, ముందు ఫోన్ వైరు పీకెయ్యండి. ఆ తర్వాత విండోస్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్‌కి వెళ్లి కనెక్షన్స్ ట్యాబ్ తెరవండి. మన దగ్గర డయలప్ నంబర్లు 172తో మొదలయ్యేవి. ఆ ట్యాబ్‌లో 00తో మొదలయ్యే (అంటే విదేశీ) నంబరు గానీ, మీరు పెట్టని కనెక్షన్ పేరు గానీ ఉంటే దొంగ దొరికినట్టే. తీసెయ్యకముందే ఫోటో తీసుకోండి, బిల్లు మీద ఫిర్యాదు చేసేటప్పుడు పనికొస్తుంది. తర్వాత దాన్ని తొలగించి, "నెవర్ డయల్ ఎ కనెక్షన్" ఎంచుకుని, అప్పుడు పూర్తి స్కాన్ పెట్టండి.

నన్నడిగితే, అసలు తాళం కంప్యూటర్లో కాదు, ఫోన్ కంపెనీ దగ్గర వెయ్యాలి. ఐఎస్‌డీ సౌకర్యం తీసెయ్యమని రాసివ్వండి. ఇక ఎంత తెలివైన డయలర్‌కైనా విదేశీ నంబరు కలవదు. ఉద్దానం వైపు వాళ్లు "మా అబ్బాయి దుబాయ్‌లో ఉన్నాడు, ఎలా?" అంటారు. విదేశాలకి వెళ్లే కాల్స్ ఆగుతాయి గానీ, అబ్బాయి చేసే కాల్ ఎప్పటిలాగే వస్తుంది. ఎలాగూ ఇప్పుడు మాటలన్నీ వాట్సాప్‌లోనే కదా.

లక్షణం: తెరంతా ఎర్రగా, సైరన్ మోత, "ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి"

ఇప్పటి డయలర్ ఇదే, కాకపోతే డయల్ చేసేది మనమే. టెన్షన్ పడకండి, అది చాలావరకు ఉత్త వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్లో బ్రౌజర్‌ని మూసెయ్యండి. మళ్లీ తెరిచాక "రీస్టోర్" అడిగితే వద్దనండి, లేకపోతే ఆ పేజీయే తిరిగొస్తుంది.

అప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పారని ఎనీడెస్క్ లాంటిది (దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రామ్) పెట్టేశారా? నెట్ ఆపి, దాన్ని తీసెయ్యండి. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయుంటే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే చెప్పండి, తెల్లారేదాకా ఆగొద్దు.

లక్షణం: మొబైల్‌కి విదేశీ మిస్డ్ కాల్

ఇదీ అలాంటి ఎత్తే కావొచ్చు, తిరిగి చేస్తే ఖరీదైన విదేశీ నంబరుకి కలుస్తుంది. అందుకే చెయ్యకముందు దేశం కోడ్ చూడండి. దుబాయ్ 971, సౌదీ 966, ఖతార్ 974, కువైట్ 965, సింగపూర్ 65. మనవాళ్లు లేని దేశం కోడ్ అయితే వదిలెయ్యండి. మీరు అడగని సర్వీసులకి బ్యాలెన్స్ కోస్తుంటే 155223కి ఫోన్ చేసి ఆపించుకోవచ్చు.