బొంతకు బట్ట ఖర్చు ఇలా తగ్గింది (నా అనుభవం)

సింగిల్ మంచానికి బొంత కుట్టాలంటే పైకీ అడుగుకీ కొత్త కాటన్ కొనేసరికే డబ్బులు అయిపోయేవి. మీటరు ధర పెరిగిన ప్రతిసారీ టెన్షనే. హోల్‌సేల్ కొట్లు తిరిగాను, పాలిస్టర్ కలిసిన బట్ట వాడాను, పలచటి రకం తెచ్చాను, ఏదీ కుదరలేదు.

చివరికి పై పొరకు మాత్రమే కొత్త బట్ట కొని, అడుగు పొరకూ మధ్య పొరకూ పాత కాటన్ చీరలు వాడాను. ముందు చీరలను రాత్రంతా నానబెట్టి గంజి పోయేలా ఉతికాను. కొత్త బట్టనూ ఉతికాను, లేకపోతే తర్వాత అదొక్కటే కుంచించుకుపోయి బొంత ముడతలు పడుతుంది. ఆరాక ఫాల్ విప్పి, చీరను కిటికీ వెలుతురులో ఎత్తి చూశాను. పలచబడిన చోట రెండు బొటనవేళ్లతో లాగాను. పిగిలితే ఆ చీర మధ్య పొరకే. గట్టిగా ఉన్న 5.5 మీటర్ల చీరను సగానికి కత్తిరించి, రెండు ముక్కలనూ పక్కపక్కన అంచులు కలిపి కుడితే అడుగు పొర వచ్చేసింది. మూడు పొరలూ పరిచి, నడుమ నుంచి అంచుల వైపు దూరం దూరంగా తాత్కాలిక కుట్లు వేశాకే అసలు కుట్టు మొదలుపెట్టాను. అమ్మమ్మ బొంతల్లోని మెత్తదనం మళ్లీ చేతికి తగిలింది.

నాకు కొత్త బట్ట దాదాపు సగమే పట్టింది. అమ్మకానికి కుట్టేవాళ్లకు ఇది పనికొస్తుందో లేదో చెప్పలేను. సిల్కు, సింథటిక్ చీరలతో నేను చేసి చూడలేదు.