రెండు టాబ్లెట్ల మధ్య ఎంపిక: తర్వాత చేర్చుకోలేనివి ముందు చూడండి

మధ్యస్థాయి ఆండ్రాయిడ్ టాబ్లెట్ కొనాలనుకునేవారు వెతికి వెతికి చివరికి రెండు పేర్ల దగ్గర ఆగిపోతారు. ఆ రెండింటి వివరాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక వరుసలో ఇది మెరుగు, మరో వరుసలో అది మెరుగు. ఎంతసేపు చూసినా తేలదు, ఎందుకంటే అన్ని వరుసలకూ ఒకే విలువ ఇస్తున్నాం. నేను పాటించే పద్ధతి వేరు. ఒక కాగితం మీద గీత గీసి, కొన్న తర్వాత కూడా చేర్చుకోగలిగినవి ఎడమ పక్క, ఎప్పటికీ చేర్చుకోలేనివి కుడి పక్క రాస్తాను. కవరు, కీబోర్డు, ఇయర్‌ఫోన్లు, విడి స్పీకరు, మంచి ఛార్జర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. తెర ఆకారం, అక్షరాల స్పష్టత, పెన్ను పనిచేసే తీరు, మెమరీ కార్డు, సిమ్, వేలిముద్ర, నీటి నుంచి రక్షణ, అప్‌డేట్లు వచ్చే కాలం మాత్రం పెట్టెలో ఏవి వస్తే అవే. ఎంపిక జరగవలసింది కుడి పక్కనే.

నాది పుస్తకాల ప్రూఫులు దిద్దే పని. రోజంతా పీడీఎఫ్ పేజీల మీద పెన్నుతో గుర్తులు పెడుతుంటాను కాబట్టి నా బల్ల మీద శాంసంగ్ గెలాక్సీ టాబ్ ఎస్10 ఎఫ్ఈ ఉంది. మా అన్నయ్య కూతురు షియోమీ ప్యాడ్ 7 వాడుతుంది. మేమిద్దరం అవి మార్చుకుని వాడిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే ఈ రెండింటినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు చూస్తున్నవి వేరే మోడళ్లయినా ఇవే ప్రశ్నలు వేసుకోవచ్చు.

తెర: అంగుళాలను నమ్మకండి, కొలవండి

పెట్టె మీద 10.9 అంగుళాలు, 11.2 అంగుళాలు అని ఉంటుంది. అది మూల నుంచి మూలకు కొలత. దానితో పేజీ ఎంత కనిపిస్తుందో తెలియదు. ముందు ఆకారం చూడాలి. ఎస్10 ఎఫ్ఈ తెర 16:10 నిష్పత్తిలో పొడవుగా ఉంటుంది, ప్యాడ్ 7 తెర 3:2 నిష్పత్తిలో కొంచెం వెడల్పు. నిలువుగా పట్టుకుంటే మొదటిది సుమారు 147 మిల్లీమీటర్ల వెడల్పు, రెండోది సుమారు 158. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంటే ఏ4 పేజీ మొదటిదానిలో 70 శాతానికి, రెండోదానిలో 75 శాతానికి కుదించుకుపోయి కనిపిస్తుంది. కాగితం మీద 12 పాయింట్ల అక్షరం ఒకదానిలో 8.4 పాయింట్లంత, మరోదానిలో 9 పాయింట్లంత ఉంటుంది. ఏ5 పుస్తకమైతే అసలు వెడల్పు 148 మిల్లీమీటర్లే కాబట్టి రెండింటిలోనూ దాదాపు అచ్చు పుస్తకమంత పేజీ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఉపాయం ఉంది. పేజీ చుట్టూ ఖాళీగా ఉన్న అంచులను కత్తిరించి చూపే పీడీఎఫ్ రీడర్లు ఉన్నాయి. ఏ4 పేజీకి రెండు వైపులా 25 మిల్లీమీటర్ల చొప్పున అంచు ఉంటే, దాన్ని తీసేశాక మిగిలేది 160 మిల్లీమీటర్లు. అప్పుడు ఎస్10 ఎఫ్ఈలో అక్షరం 92 శాతం, ప్యాడ్ 7లో ఇంచుమించు పూర్తి పరిమాణంలో కనిపిస్తుంది. కానీ అంచుల్లో గుర్తులు రాసే నాలాంటివారు అంచు తీసేయలేరు. చదవడమే తప్ప రాయడం లేనివారు నిశ్చింతగా తీసేయవచ్చు.

వీడియోల విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. 16:9 వీడియోను అడ్డంగా చూస్తే ఎస్10 ఎఫ్ఈలో బొమ్మ సుమారు 235 మిల్లీమీటర్ల వెడల్పు, ప్యాడ్ 7లో సుమారు 237. అంకెల్లో 11.2 పెద్దదే అయినా కనిపించే బొమ్మ సమానమే. అదనంగా వచ్చిన తెరంతా పైనా కిందా నల్లని పట్టీలకే పోతుంది. సినిమాలు చూడటానికే కొనేవారు తెర పెద్దదని 3:2 టాబ్లెట్‌కు ఎక్కువ ఖర్చు పెట్టనక్కరలేదు. పేజీలు చదివేవారికి, తెరను రెండుగా విభజించి ఒక పక్క పాఠం, ఒక పక్క నోట్సు పెట్టుకునేవారికి మాత్రం 3:2 ఆకారం నిజంగా ఉపయోగం.

ఇక స్పష్టత. ఎస్10 ఎఫ్ఈ తెర 2304×1440 పిక్సెళ్లు, అంగుళానికి దాదాపు 249. ప్యాడ్ 7ది 3200×2136, అంగుళానికి దాదాపు 345. ఇంగ్లీషు పాఠం చదివితే ఈ తేడా పెద్దగా పట్టదు. తెలుగు చదివితే పడుతుంది. ఒత్తుల కింద ఒత్తులు, సుడులు, తలకట్లు చిన్న అక్షరంలో ఇరుకుగా అల్లుకుంటాయి. ఏ4 పేజీని కుదించినప్పుడు ‘స్త్ర్య’ లాంటి చోట కళ్లు చికిలించకుండా చదవగలుగుతున్నారా అన్నదే పరీక్ష. స్పష్టతలో ప్యాడ్ 7దే పైచేయి, సందేహం లేదు. అయితే పాత పుస్తకాల స్కానింగ్ ప్రతులే చదివేవారికి ఆ లాభం పూర్తిగా దక్కదు. స్కాన్ చేసినప్పుడే పోయిన గీతను ఏ తెరా తిరిగి తేలేదు.

ప్యాడ్ 7లో మెరుపు లేని మ్యాట్ గాజు రకం కూడా ఉంది. కిటికీ పక్కన కూర్చుని చదివేవారు రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. సెకనుకు 144 సార్లు బొమ్మ మారే తెరా (ప్యాడ్ 7), 90 సార్లు మారే తెరా (ఎస్10 ఎఫ్ఈ) అన్న తేడా మాత్రం నా లెక్కలో చివర్న వస్తుంది. ఆటలు ఆడేవారు దాన్ని ముందుకు తెచ్చుకోవచ్చు.

పెన్ను

నేను ఎక్కువ పట్టుబట్టేది దీని మీదే. ఎస్10 ఎఫ్ఈతో పాటు ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది. రాయడానికి దానికి బ్యాటరీ అక్కరలేదు, కావలసిన శక్తి తెర నుంచే అందుతుంది. ఛార్జ్ అయిపోవడం అనే మాటే ఉండదు కాబట్టి నెల రోజులు సొరుగులో పడి ఉన్నా తీయగానే రాస్తుంది. ప్యాడ్ 7 పెన్ను విడిగా కొనాలి. అది టాబ్లెట్ అంచుకు అయస్కాంతంతో అతుక్కుని ఛార్జ్ అవుతుంది. రాత బాగానే ఉంటుంది, కానీ ధరలు పోల్చేటప్పుడు పెన్ను ధర కలిపి పోల్చండి. చాలామంది టాబ్లెట్ ధరలు మాత్రమే పోల్చి ఒకటి చవక అని నిర్ణయించేస్తారు.

ఏ టాబ్లెట్ అయినా కొనే ముందు పెన్నుతో రెండు పనులు చేసి చూడండి. స్కేలు లేకుండా ఒక ఏటవాలు గీతను చాలా నెమ్మదిగా గీయండి. వేగంగా గీస్తే అన్ని పెన్నులూ బాగానే కనిపిస్తాయి. నెమ్మదిగా గీసినప్పుడు గీత అలలు అలలుగా వస్తే చిన్న గుర్తులు పెట్టడానికి అది పనికిరాదు. తర్వాత అరచేతిని పూర్తిగా తెర మీద ఆనించి నాలుగు వరుసలు రాయండి. చెయ్యి తగిలిన చోట మచ్చలు పడినా పేజీ కదిలినా ప్రతిరోజూ అదే బాధ. ఆ పనిలో ఉండగానే గూగుల్ కీబోర్డులో తెలుగు చేతిరాతను ఎంచుకుని ఒక వాక్యం రాసి చూడండి. టైపింగ్ అలవాటు లేని పెద్దవారికి అది గొప్ప వెసులుబాటు, పెన్ను లేకపోతే వేలితోనైనా రాయవచ్చు.

చిన్నగా కనిపించే గాడులు, పెద్ద తేడాలు

ఎస్10 ఎఫ్ఈలో మైక్రోఎస్‌డీ కార్డు పెట్టుకోవచ్చు, ప్యాడ్ 7లో కుదరదు. అందుకే ప్యాడ్ 7 కొనేవారు 128 గిగాబైట్ల రకం దగ్గర ఆగకుండా 256 వైపు చూడటం మంచిది. ఎస్10 ఎఫ్ఈలో తక్కువ రకం తీసుకుని, వీడియోలూ పుస్తకాలూ కార్డులోకి నెట్టేయవచ్చు. యాప్‌లకు మాత్రం కార్డు మీద ఆధారపడకండి. అవి లోపలి నిల్వలో ఉంటేనే చురుగ్గా నడుస్తాయి.

సిమ్ విషయం ఇంకా సూటిగా ఉంటుంది. ప్యాడ్ 7 వైఫైతోనే నడుస్తుంది. ఎస్10 ఎఫ్ఈకి 5జీ రకం విడిగా ఉంది. ఫోనులోని నెట్‌ను పంచుకునే అలవాటు ఉన్నవారికి సిమ్ అక్కరలేదు. ఫోను ఇంట్లో ఒకరి దగ్గర, టాబ్లెట్ మరొకరి దగ్గర ఉండే కుటుంబాలకు అది అవసరం.

ఎస్10 ఎఫ్ఈకి పవర్ బటన్‌లో వేలిముద్ర సెన్సర్ ఉంది, ప్యాడ్ 7కు లేదు. కెమెరాతో ముఖం చూసి తెర తెరుచుకోవడం వేరు, బ్యాంకు యాప్ దాన్ని అంగీకరించడం వేరు. కెమెరా మాత్రమే చూసే ముఖ గుర్తింపును చాలా బ్యాంకు యాప్‌లు ఒప్పుకోవు, ప్రతిసారీ పిన్ కొట్టాల్సి వస్తుంది. ఎస్10 ఎఫ్ఈకి ఐపీ68 నీటి రక్షణ కూడా ఉంది. పిల్లలున్న ఇంట్లో, వంటగదిలో వాడే ఇంట్లో దీని విలువ తెలుస్తుంది.

ఇన్నీ ఒక పక్కనే కూడుతున్నాయని అనుకోకండి. ప్యాడ్ 7లో నాలుగు స్పీకర్లు, ఎస్10 ఎఫ్ఈలో రెండు. ప్యాడ్ 7లోని స్నాప్‌డ్రాగన్ 7+ జెన్ 3 చిప్ ఎస్10 ఎఫ్ఈలోని ఎక్సినోస్ 1580 కంటే, ముఖ్యంగా ఆటల్లో, స్పష్టంగా వేగం. ప్యాడ్ 7 యూఎస్‌బీ మార్గం సెకనుకు 5 గిగాబిట్ల వరకు పోతుంది, ఎస్10 ఎఫ్ఈది 480 మెగాబిట్ల పాత వేగమే. కంప్యూటర్ నుంచి పెద్ద వీడియోలు తరచూ ఎక్కించేవారు దీన్ని గమనించాలి. బ్యాటరీ ప్యాడ్ 7లో 8850, ఎస్10 ఎఫ్ఈలో 8000 మిల్లీఆంప్ అవర్లు. రెండూ 45 వాట్ల ఛార్జింగ్‌ను అందుకుంటాయి. బరువులో తేడా లేదనే అనాలి, రెండూ అరకిలో చుట్టూనే.

ర్యామ్ 8 గిగాబైట్లు చాలు. ‘అదనపు ర్యామ్’ అని ప్రకటనల్లో కలిపి చెప్పే అంకెను లెక్కలోకి తీసుకోకండి. అది నిల్వలోంచి అరువు తెచ్చుకున్న చోటు, అసలు ర్యామ్ వేగం దానికి రాదు.

అప్‌డేట్ల లెక్క

ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్న మాటను కంపెనీ సొంత పేజీలోనే చదవండి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు అన్నవి రెండు వేర్వేరు అంకెలు. ఆ గడువు సాధారణంగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. షియోమీ ప్యాడ్ 7 చైనాలో 2024 అక్టోబరులో, ఎస్10 ఎఫ్ఈ 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. అంటే ఆలస్యంగా తగ్గింపు ధరకు కొన్నవారికి గడువులో కొంత భాగం ముందే గడిచిపోయి ఉంటుంది. ప్రదర్శనకు పెట్టిన టాబ్లెట్ సెట్టింగులలో భద్రతా అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. అది చాలా పాతదైతే కారణం అడగండి.

నా తీర్పు ఇది. రోజూ చేత్తో రాసేవారు, టాబ్లెట్‌ను ఇంటిల్లిపాదీ వాడేవారు, చాలా ఏళ్లు అదే ఉంచుకోవాలనుకునేవారు ఎస్10 ఎఫ్ఈ తీసుకోవాలి. ఎక్కువగా చదివేవారు, ఆటలు ఆడేవారు, స్పీకర్ల మీదే పాటలు వినేవారు ప్యాడ్ 7 తీసుకోవాలి. మా అన్నయ్య కూతురు పాఠ్యపుస్తకాలు చదువుతుంది, ఆటలు ఆడుతుంది, పెన్ను ముట్టదు. తనకు నేనే ప్యాడ్ 7 చెప్పాను.

కొన్న వారంలో

వాపసు గడువు ముగియకముందే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చీకటి గదిలో పూర్తి నల్లని బొమ్మ పెట్టి తెర అంచుల్లో వెలుగు మరకలు ఉన్నాయేమో చూడండి. రెండు టాబ్లెట్లవీ వెనక నుంచి వెలుగు వచ్చే ఎల్‌సీడీ తెరలే కాబట్టి కొంచెం వెలుగు సహజం. ఒకే మూలలో గట్టిగా కనిపిస్తే మార్పించండి. సినిమాలు కాపీ కాకుండా కాపాడే డీఆర్‌ఎం పద్ధతుల్లో వైడ్‌వైన్ ఒకటి. దాని స్థాయి ఎల్1 అని ఉందో లేదో డీఆర్‌ఎం వివరాలు చూపే యాప్‌తో చూసుకోండి. ఎల్3 అని ఉంటే సినిమా యాప్‌లు మసక బొమ్మే ఇస్తాయి, తెర ఎంత మంచిదైనా లాభం ఉండదు. రాత్రి ఛార్జ్ శాతం రాసుకుని పడుకుని పొద్దున మళ్లీ చూడండి. మొదటి రెండు రోజులు యాప్‌లు సర్దుకునే పనిలో ఎక్కువ తగ్గవచ్చు, ఆ తర్వాతి రాత్రులదే సరైన లెక్క.

కాగితంలా గరుకుగా ఉండే పొర అతికించమని దుకాణంలో అంటారు. పెన్ను వాడనివారికి అది అక్కరలేదు, అక్షరాల స్పష్టతను కొంత తినేస్తుంది. పెన్ను వాడేవారు కూడా రెండు వారాలు వట్టి గాజు మీదే రాసి చూడండి. అప్పటికీ పెన్ను జారుతున్నట్టే అనిపిస్తే పొర వేయించుకోండి, దానితో పాటు విడి ములుకులు కొని పెట్టుకోండి. గరుకు పొర మీద ములుకు త్వరగా అరుగుతుంది.